వరుస తప్పిన తీరును బట్టి సార్టింగ్

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ అవుతాయని ఆ ప్రాంతంలో ఒక్క వర్షాకాలమైనా గడిపిన ప్రతివారికీ తెలుసు. ఆ మూడు అంకెల వెనుక గంటగంటకూ నమోదయ్యే రీడింగుల పొడవైన పట్టిక ఉంటుంది. దానిని కాలక్రమంలో గానీ ఎత్తుల క్రమంలో గానీ అమర్చడం కంప్యూటర్ శాస్త్రంలోని ఒక పాత ప్రశ్నకు చక్కని ఉదాహరణ అవుతుందన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ ప్రశ్న ఇది: ఒక పట్టిక ముందుగానే చాలావరకు వరుసలో ఉండి, అక్కడక్కడ మాత్రమే క్రమం తప్పి ఉన్నప్పుడు, దానిని సరిదిద్దడానికి ఏ పద్ధతి తగినది?

కంప్యూటర్ ఒక పనిని పూర్తిచేయడానికి అంచెలంచెలుగా పాటించే నియమాల సముదాయాన్ని అల్గారిథమ్ అంటారు. అంశాలను చిన్నదానినుంచి పెద్దదానికి గానీ, అకారాది క్రమంలో గానీ, తేదీల క్రమంలో గానీ అమర్చే పనిని సార్టింగ్ అంటారు. ఒక సార్టింగ్ పద్ధతి ఖరీదును సాధారణంగా రెండు లెక్కలతో కొలుస్తారు: అది ఎన్నిసార్లు రెండు అంశాలను పోల్చి చూసింది, ఎన్నిసార్లు ఒక అంశాన్ని ఒకచోటినుంచి మరొకచోటికి జరిపింది. జూన్ మొదలు సెప్టెంబరు చివరివరకు ఉన్న 122 రోజులలో గంటకొక రీడింగు చొప్పున ఒక కేంద్రంనుంచి 2,928 రీడింగులు వస్తాయి. అటువంటివి పది కేంద్రాలున్నాయనుకుంటే మొత్తం 29,280. ఈ సంఖ్యను సగానికి సగం చేసుకుంటూ పోతే సుమారు 15 అంచెలలో ఒకటికి చేరుతుంది కాబట్టి, ఏ క్రమమూ లేకుండా కలగాపులగంగా ఉన్న పట్టికకైతే మంచి పద్ధతి సైతం దాదాపు 29,280ని 15తో హెచ్చించినంత, అంటే 4.4 లక్షల పోలికలు చేయవలసి వస్తుంది. పోలికల మీదనే ఆధారపడే ఏ పద్ధతీ ఈ హద్దును చెప్పుకోదగినంతగా దాటలేదన్నది గణితపరంగా రుజువైన విషయం. అయితే ఆ రుజువు కలగాపులగంగా ఉన్న పట్టికకే వర్తిస్తుంది. వరుసలో కొంత క్రమం ముందే ఉన్నప్పుడు అంతకన్నా చాలా తక్కువతో పని ముగించే వీలుంటుంది.

నది రీడింగుల పట్టికకు ఈ ముందున్న క్రమం ఎక్కడినుంచి వస్తుందో, అది ఎలా చెడుతుందో తెలియాలంటే అక్కడి భూగోళాన్ని ఒకసారి చూడాలి. ప్రాణహిత, ఇంద్రావతి నదులను కలుపుకున్న గోదావరి పేరూరు మీదుగా దిగి, చర్ల వైపునుంచి వచ్చే తాలిపేరును చేర్చుకొని, దుమ్ముగూడెం దాటి భద్రాచలం చేరుతుంది. దిగువన కూనవరం వద్ద శబరి కలుస్తుంది, శబరి పోటుమీద ఉంటే భద్రాచలం వద్ద నీరు తీయడం ఆలస్యమవుతుంది. అందువల్ల ఒక్క భద్రాచలం రీడింగు చూస్తే చాలదు. ఎగువ, దిగువ కేంద్రాల రీడింగులన్నిటినీ ఒకే కాలక్రమంలో పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంటుంది. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవులను ఆనుకొని ఉన్న చర్ల, దుమ్ముగూడెం వంటి ఏజెన్సీ మండలాలలో సిగ్నల్ అంతటా ఒకేలా అందదు. అటువంటి చోట కొలిచిన రీడింగు కొంత ఆలస్యంగా బయలుదేరితే, పట్టణంలో దానికన్నా తరువాత కొలిచిన రీడింగు ముందుగా పట్టికలో చేరుతుంది. ఫలితంగా పట్టిక మొత్తంమీద కాలక్రమంలోనే ఉంటుంది గానీ, ఒక్కొక్క రీడింగు తన అసలు స్థానంనుంచి ఒకటి, రెండు, మహా అయితే మూడు స్థానాలు అటూఇటూ జరిగి ఉంటుంది.

ఈ రకం లోపాన్ని కొలవడానికి వాడే కొలమానాన్ని ఇన్వర్షన్ అంటారు. పట్టికలో ముందు ఉండవలసినది వెనుక, వెనుక ఉండవలసినది ముందు ఉన్న ప్రతి జంటా ఒక ఇన్వర్షన్. 41, 42, 44, 43, 46 అనే పట్టికలో 44, 43 అనే ఒక్క జంట మాత్రమే తారుమారైంది కాబట్టి ఇన్వర్షన్ల సంఖ్య ఒకటి. పూర్తిగా వరుసలో ఉన్న పట్టికలో అది సున్నా. పూర్తిగా తలకిందులైన పట్టికలో అన్ని జంటలూ తారుమారే. ఇన్వర్షన్లు తక్కువగా ఉన్నచోట అన్నిటికన్నా సరళమైన ఇన్సర్షన్ సార్ట్ అన్నిటికన్నా చురుకైనదిగా మారుతుంది. పరీక్ష హాల్లో హాల్‌టికెట్ నంబర్ల ప్రకారం చేతికందిన జవాబు పత్రాల కట్టలో ఒకటి రెండు ముందువెనుకలైతే, ఇన్విజిలేటర్ కట్టనంతా విప్పి మళ్ళీ పేర్చకుండా, తప్పిన పత్రాన్ని తీసి రెండు మూడు పత్రాల ముందు దూర్చినట్లే ఈ పద్ధతీ పనిచేస్తుంది: మొదటినుంచి చివరిదాకా ఒక్కొక్క అంశాన్నే తీసుకొని, దాని ముందు దానికన్నా పెద్దవి ఉన్నంతవరకు వాటిని ఒక్కొక్క స్థానం జరుపుతూ, సరైన చోట దానిని చొప్పిస్తుంది. ఒక్కొక్క జరుపుడుతో సరిగ్గా ఒక్కొక్క ఇన్వర్షన్ తొలగిపోతుంది కాబట్టి జరుపుళ్ళ సంఖ్య ఇన్వర్షన్ల సంఖ్యకు సమానం.

ఏ రీడింగూ తన స్థానంనుంచి మూడు స్థానాలకు మించి జరగలేదని తెలిస్తే, 29,280 రీడింగుల పట్టికలో ఇన్వర్షన్లు 87,840కి మించవు. పోలికలు వీటికి మరొక 29,280 కలిపినన్ని, అంటే దాదాపు 1.17 లక్షలకు లోబడే ఉంటాయి. కలగాపులగపు పట్టికకు మంచి పద్ధతి చేసే 4.4 లక్షలతో పోలిస్తే ఇది దాదాపు నాలుగో వంతు. అదే ఇన్సర్షన్ సార్ట్‌కు పూర్తిగా తలకిందులైన పట్టికను ఇస్తే పోలికల సంఖ్య 42 కోట్లు దాటుతుంది. ఒకే పద్ధతి ఒకచోట అందరికన్నా ముందు, మరొకచోట అందరికన్నా వెనుక నిలవడానికి కారణం ఆ పద్ధతిలో లేదు, దానికి అందిన సమాచారం తీరులో ఉంది. నిజానికి నేటి కంప్యూటర్‌కు ఇరవై ముప్పై వేల రీడింగులు ఒక లెక్కలోనివి కావు, ఏ పద్ధతి వాడినా కన్ను మూసి తెరిచేలోపు పని ముగుస్తుంది. తేడా తెలిసేది పట్టిక కోట్లకు పెరిగినప్పుడు, లేదా సోలార్ పలకతో నడిచే చిన్న పరికరం లోపలే ఈ పని మాటిమాటికీ చేయవలసి వచ్చినప్పుడు.

ముందున్న క్రమాన్ని వాడుకోలేని పద్ధతులు కొన్ని ఉన్నాయి. మిగిలిన వాటిలో అతి చిన్నదానిని ప్రతిసారీ వెదకి తీసే సెలక్షన్ సార్ట్‌కు పట్టిక వరుసలో ఉన్నా లేకపోయినా ఒకటే శ్రమ. 1964లో జె. డబ్ల్యూ. జె. విలియమ్స్ ప్రతిపాదించిన హీప్ సార్ట్ సైతం ఉన్న క్రమాన్ని ముందు చెరిపివేసి తరువాత తిరిగి నిర్మిస్తుంది; ఈ లోపాన్ని సరిదిద్దుతూ డైక్‌స్ట్రా 1981లో స్మూత్ సార్ట్ అనే రూపాన్ని ఇచ్చినా, దాని చిక్కుదనం వల్ల వాడినవారు తక్కువ. ప్రమాదం ఎక్కువగా ఉన్నది క్విక్ సార్ట్‌లో. రష్యన్‌నుంచి యంత్రానువాదం చేసే పనిలో పదాలను నిఘంటు క్రమంలో పెట్టవలసి వచ్చి, మాస్కోలో చదువుతున్న టోనీ హోర్ ఆలోచించిన ఈ పద్ధతి 1961లో ప్రచురితమైంది. ఒక అంశాన్ని మూలంగా తీసుకొని, దానికన్నా చిన్నవాటిని ఒకవైపు, పెద్దవాటిని మరొకవైపు విడదీసి, ఆ రెండు భాగాలనూ మళ్ళీ అలాగే విడదీస్తూ పోవడం ఇందులోని కీలకం. పాఠ్యపుస్తకాలలో తరచు కనిపించే రూపంలో పట్టికలోని మొదటి అంశాన్నే మూలంగా తీసుకుంటారు. పట్టిక అప్పటికే వరుసలో ఉంటే మొదటిది అన్నిటికన్నా చిన్నది కాబట్టి ఒకవైపు ఏమీ ఉండదు, రెండవవైపు మిగిలినదంతా ఉంటుంది, విభజన పేరుకే విభజనగా మిగిలి పోలికలు మళ్ళీ కోట్లకు చేరతాయి. మూలాన్ని యాదృచ్ఛికంగా గానీ, మొదటి, నడిమి, చివరి అంశాలలో మధ్యదానిని గానీ ఎంచుకుంటే ఈ ఆపద తప్పుతుంది. అంతమాత్రాన ముందున్న క్రమంనుంచి పెద్ద లాభం మాత్రం రాదు.

ఇక్కడితో ఆగితే ‘దాదాపు వరుసలో ఉంటే ఇన్సర్షన్ సార్ట్’ అనే సూత్రం సరిపోయినట్లు కనిపిస్తుంది. చాలా పాఠ్యపుస్తకాలు ఆగేదీ ఇక్కడే. అది అర్ధసత్యమని చూపే ఉదాహరణ కూడా ఇదే ప్రాంతపు పరిపాలన చరిత్రలో దొరుకుతుంది. 2014లో రాష్ట్ర విభజన తరువాత పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలకు చెందిన ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. స్థానికంగా విలీన మండలాలని పిలిచే వీటిలో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం తూర్పు గోదావరి జిల్లాలోకి, కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరి జిల్లాలోకి వెళ్ళాయి; 2016 అక్టోబరు 11న ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం విడిపోయింది; 2022 ఏప్రిల్ 4న చింతూరు వైపు మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోకి మారాయి. జిల్లా మారిన ప్రతిసారీ గ్రామాల జాబితాలు మారక తప్పదు. జాబితానుంచి పేర్లు తొలగినందువల్ల మిగిలినవాటి వరుస చెడదు. చేర్పుతోనే చిక్కు వస్తుంది. అకారాది క్రమంలో ఉన్న 5,000 పేర్ల జాబితా చివర, తమలో తాము అకారాది క్రమంలోనే ఉన్న 200 పేర్లను అతికించారనుకుంటే, కొత్త జాబితాలో చోటు తప్పినవి నూటికి నాలుగు కూడా కావు, చూసినవారెవరైనా దానిని దాదాపు వరుసలో ఉన్న జాబితా అనే అంటారు. అయినా ఇన్సర్షన్ సార్ట్ ఆ 200 పేర్లలో ఒక్కొక్కదానిని సగటున 2,500 స్థానాలు దాటించి చొప్పించవలసి వస్తుంది కాబట్టి జరుపుళ్ళు 5 లక్షలవుతాయి. ముందున్న క్రమాన్ని అసలు లక్ష్యపెట్టని సాధారణ పద్ధతి 67 వేల పైచిలుకు పోలికలతో ముగించే పని ఇది.

ఈ రెండు ఉదాహరణల మధ్య ఉన్న భేదం చోటు తప్పిన అంశాల సంఖ్యలో లేదు. మొదటిదానిలో తప్పిన అంశాలు చాలా ఉన్నా ప్రతిదీ కొద్ది దూరమే జరిగింది. రెండవదానిలో తప్పినవి కొద్ది అయినా ప్రతిదీ చాలా దూరం వెళ్ళవలసి ఉంది, కానీ అవి ఒక గుంపుగా, తమ వరుస తాము కాపాడుకొంటూ ఉన్నాయి. క్రమం తప్పకుండా సాగే ఇటువంటి అఖండ భాగాన్ని సార్టింగ్ పరిభాషలో రన్ అంటారు. అతికించిన జాబితాలో రన్లు రెండే. వాటి మొదళ్ళను పోల్చి చూస్తూ, చిన్నదానిని తీసి కొత్త జాబితాలో పెట్టుకుంటూ పోతే, రన్లను గుర్తించడానికి ఒకసారి, కలపడానికి ఒకసారి, మొత్తం పది వేలకు కాస్త పైన పోలికలతో పని తీరిపోతుంది. రెండు వరుసలను ఇలా కలిపే మెర్జ్ సార్ట్‌ను జాన్ వాన్ నాయ్‌మన్ 1945లోనే రూపొందించాడు. పట్టికను యాంత్రికంగా సగాలుగా కోయకుండా దానిలో సహజంగా ఉన్న రన్లనే గుర్తించి కలిపే రూపాన్ని సహజ మెర్జ్ సార్ట్ అంటారు.

రన్ల ప్రయోజనం గోదావరి వరదలోనే మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నీటిమట్టం 53 అడుగులకు పైన ఎన్ని గంటలు నిలిచింది, 48కి పైన ఎన్ని గంటలు నిలిచింది అని తేల్చడానికి రీడింగులను కాలక్రమంలోనుంచి తీసి ఎత్తుల క్రమంలో పెట్టవలసి వస్తుంది. వరద పెరిగే దశలో రీడింగులు ఎక్కుతూ, తగ్గుముఖం పట్టాక దిగుతూ ఉంటాయి కాబట్టి, ఉదాహరణకు 43, 46, 49, 53, 51, 48, 45, 42 అనే ఎనిమిది రీడింగులు తీసుకుంటే, సాధ్యమైన 28 జంటలలో 16 తారుమారై ఉన్నాయి. ఇన్వర్షన్ కొలమానం ప్రకారం ఇది సగానికి పైగా చెడిన పట్టిక. ఇన్సర్షన్ సార్ట్ దీనికి 22 పోలికలు చేస్తుంది. కానీ రన్ల దృష్టితో చూస్తే ఉన్నవి రెండే ముక్కలు, ఒకటి ఎక్కేది, ఒకటి దిగేది. దిగేదానిని తిరగవేస్తే 42, 45, 48, 51 అవుతుంది. ఆ రెంటినీ గుర్తించడానికి 7, కలపడానికి 7, మొత్తం 14 పోలికలు చాలు. రీడింగులు ఎనిమిది ఉన్నప్పుడు ఈ తేడా స్వల్పమే అయినా, ఒక పద్ధతి శ్రమ రీడింగుల సంఖ్యతోపాటు, మరొకదాని శ్రమ ఆ సంఖ్య వర్గంతోపాటు పెరుగుతాయి కాబట్టి వందలు, వేలకు పోయేసరికి రెంటికీ పోలికే ఉండదు.

ఈ రెండు లాభాలనూ ఒకేచోట చేర్చినది టిమ్ సార్ట్. పైథాన్ భాష కోసం టిమ్ పీటర్స్ 2002లో దీనిని రాశాడు. వాస్తవ ప్రపంచపు సమాచారంలో ఏదో ఒక క్రమం తరచుగా ముందే ఉంటుందన్న గమనిక మీదనే దీని నిర్మాణమంతా ఆధారపడి ఉంది. ఇది పట్టికను చదువుతూ ఎక్కే రన్లను ఉన్నవి ఉన్నట్లే ఉంచుతుంది, దిగే రన్లను తిరగవేస్తుంది, మరీ పొట్టి రన్లను ఇన్సర్షన్ పద్ధతితోనే కొంత పొడవుకు పెంచుతుంది, ఆపైన అన్నిటినీ మెర్జ్ చేస్తుంది. 2011లో వచ్చిన జావా 7 కూడా ఆబ్జెక్టుల పట్టికలకు దీనినే స్వీకరించింది. 2015లో యూరప్ పరిశోధకులు కొందరు ఈ పద్ధతి సరైనదేనని యంత్ర సహాయంతో రుజువు చేయబూనుకొని, రుజువు కుదరక, దానిలో ఎన్నో ఏళ్ళుగా ఎవరి కంటా పడని లోపం ఒకటి పట్టుకున్నారు. ఏ రన్లను ముందు కలపాలన్న నియమాన్ని మెరుగుపరుస్తూ ఇయన్ మన్రో, సెబాస్టియన్ వైల్డ్ 2018లో ప్రతిపాదించిన పవర్ సార్ట్ విధానాన్ని 2022లో వెలువడిన పైథాన్ 3.11 స్వీకరించింది. ఇరవై ఏళ్ళకు పైగా కోట్లమంది వాడుతున్న ఒక చిన్న ప్రోగ్రామ్‌లో ఇంకా సవరించవలసినది మిగిలి ఉండటం ఆశ్చర్యం కలిగించినా, సమాచారంలోని క్రమం ఎన్ని రూపాల్లో ఉండగలదో దానినిబట్టి ఊహించవచ్చు.

కొద్ది దూరం జరగడం, చివర గుంపుగా చేరడం కాక, వరుస తప్పడానికి మూడవ రూపం మరొకటి ఉంది. పరికరంలో బ్యాటరీ ఆగి గడియారం మొదటికి వెళ్ళిందంటే ఈనాటి రీడింగు మీద యాభై ఏళ్ళనాటి తేదీ పడుతుంది; వేల రీడింగులు చక్కగా వరుసలో ఉండి అదొక్కటి మాత్రం పట్టిక చివరినుంచి మొదటికి పోవలసి వస్తుంది. ఇటువంటివి ఒకటి రెండే అయితే ఇన్సర్షన్ సార్ట్ సులువుగానే మోస్తుంది. పక్కపక్కవాటిని మాత్రమే మార్చుకుంటూ ముందుకు సాగే బబుల్ సార్ట్ మాత్రం చివర ఉన్న చిన్న అంశాన్ని ఒక్కో విడతలో ఒక్కో స్థానమే వెనక్కి తేగలదు కాబట్టి, ఒక్క తప్పు రీడింగు కోసం పట్టికంతా వేలసార్లు తిరుగుతుంది. దాదాపు వరుసలో ఉన్న పట్టికలకు బబుల్ సార్ట్ మంచిదని తరగతి గదుల్లో చెప్పే మాట ఇక్కడ తేలిపోతుంది. ఇలా దూరంగా విసిరేసినట్లున్న అంశాలు కొద్దిగా ఉన్నప్పుడు, వరుస తప్పిన జంటలను పక్కకు తీసి, విడిగా సార్ట్ చేసి, తిరిగి ప్రధాన పట్టికలో కలిపే పద్ధతిని కుక్, కిమ్ అనే ఇద్దరు 1980లో ప్రతిపాదించారు. ఇన్వర్షన్లు, రన్లు, తొలగించవలసిన అంశాల సంఖ్య వంటివి వేర్వేరు కొలమానాలని, ఒకదాని ప్రకారం దాదాపు వరుసలో ఉన్నది మరొకదాని ప్రకారం అలా ఉండనక్కరలేదని 1985లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త హైకి మన్నిల శాస్త్రీయంగా నిర్వచించాడు.

పట్టిక పూర్తిగా చేతికందాక సార్ట్ చేయడం ఒక సంగతి; వరద రోజుల్లో రీడింగులు వస్తూనే ఉంటాయి కాబట్టి పూర్తి పట్టిక అంటూ ఒకటి ఎప్పటికీ ఉండదు. అప్పుడు ఏ రీడింగూ కొన్ని స్థానాలకు మించి ఆలస్యం కాదన్న హామీ ఉంటే, ఆ కొన్నిటికన్నా ఒకటి ఎక్కువ అంశాలను మాత్రమే హీప్ అనే అమరికలో ఉంచుకోవచ్చు. అతి చిన్నది ఎప్పుడూ పైనే ఉండే అమరిక అది. కొత్తది ఒకటి రాగానే పైనున్నదానిని బయటికి పంపితే, వరుస సరైన ప్రవాహం తయారవుతుంది. దీనికి చెల్లించే మూల్యం నిరీక్షణ: హీప్ ఎంత పెద్దదైతే అంత ఆలస్యపు రీడింగును సైతం సరైన చోట పెట్టగలదు, కానీ ప్రతి రీడింగూ అంతసేపూ లోపల ఆగవలసి ఉంటుంది. పటం గీయడానికి, విశ్లేషణకు ఆ ఆలస్యం ఫరవాలేదు. ప్రమాద హెచ్చరికకు పనికిరాదు. 53 అడుగుల రీడింగు వచ్చిన మరుక్షణం హెచ్చరిక పోవాలే గానీ, చర్ల రీడింగు వచ్చి వరుస కుదిరేదాకా అది ఆగకూడదు. అందువల్ల ఈ రెండు పనులనూ ప్రోగ్రామ్‌లో వేర్వేరు దారుల్లో నడపడమే సమంజసం.

ఒకే గంటకు చెందిన రెండు కేంద్రాల రీడింగులు వచ్చిన క్రమం సార్టింగ్ తరువాత కూడా మారకుండా ఉండాలంటే స్థిరమైన పద్ధతి కావాలి. ఇన్సర్షన్, మెర్జ్, టిమ్ సార్ట్‌లకు ఈ గుణం ఉంది. హీప్ సార్ట్‌కు, సాధారణ క్విక్ సార్ట్‌కు లేదు.

కొన్నిసార్లు అసలు సార్టింగే అక్కరలేదు. భద్రాచలం వద్ద నమోదైన గరిష్ఠ మట్టాలలో 1986 ఆగస్టు నాటి 75.6 అడుగులు మొదటిది. 1990 నాటి 70.8 దాని తరువాత ఉండగా, 2022 జూలైలో నది 71.3 అడుగులకు చేరినప్పుడు పాత జాబితానంతా తిరిగి అమర్చవలసిన పని లేదు, ఆ ఒక్క అంకెను రెంటి మధ్య చొప్పిస్తే సరిపోయింది. అంతకన్నా పెద్ద పట్టికలతో, ఆధునిక భాషలతో పనిచేసేవారు తమ లైబ్రరీలోని సార్ట్ ఏ పద్ధతిదో ఒకసారి చూసుకొని, పైథాన్, జావాలలో ఉన్నటువంటిదైతే దానినే వాడుకోవడం ఉత్తమం. సొంతంగా రాసిన సార్ట్ దానిని మించడం అరుదు. చిన్న పరికరాలకు సొంతంగా రాయక తప్పని విద్యార్థులు, ఇంజనీర్లు మాత్రం ఏ పద్ధతి అన్న నిర్ణయానికి ముందు గత వర్షాకాలపు రీడింగులను ఒకసారి తీసుకొని, వాటిలో ఇన్వర్షన్లు ఎన్ని, రన్లు ఎన్ని, అన్నిటికన్నా ఎక్కువ దూరం జరిగిన రీడింగు ఎన్ని స్థానాలు జరిగిందో లెక్కపెట్టుకోవాలి.